ఎకనామిక్స్ ట్రాన్స్‌ఫర్‌లో లెక్కల వరుస: కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ నుంచి ఒక కేసు

అమ్మాయికి 18 ఏళ్లు. ఆరో తరగతి దాకా హైదరాబాద్‌లో, ఆ తర్వాత కాలిఫోర్నియాలో చదివింది. తండ్రిది హెచ్-1బి ఉద్యోగ వీసా, తనది దాని మీద ఆధారపడిన హెచ్-4. హైస్కూల్ అయ్యాక సిలికాన్ వ్యాలీలో క్వార్టర్ పద్ధతిన (ఫాల్, వింటర్, స్ప్రింగ్ అని ఏడాదికి మూడు క్వార్టర్లు) నడిచే ఒక కమ్యూనిటీ కాలేజీలో చేరింది. రెండేళ్లు అక్కడ చదివి, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో, అంటే యూసీలో, ఎకనామిక్స్ మేజర్‌గా (ప్రధాన సబ్జెక్టుగా) నేరుగా మూడో ఏడాదిలోకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలని ఆలోచన. ఫైలు మొదటిసారి మా కౌన్సెలింగ్‌కు వచ్చింది జనవరిలో. అప్పటికే ఒక క్వార్టర్ అయిపోయింది. ఇంగ్లీష్ కాంపోజిషన్ 5 యూనిట్లు, మాక్రో ఎకనామిక్స్ 4, బిజినెస్ కాలిక్యులస్ 5, మొత్తం 14. మూడింటిలోనూ ఏ గ్రేడే. పైకి చూస్తే దిద్దాల్సింది ఏమీ కనపడదు.

(గుర్తుపట్టే వివరాలు తీసేశాం. ఒకే రకంగా తప్పిన కొన్ని ఫైళ్లను కలిపి ఒక్క కేసుగా రాశాం. నియమాలు, ఫీజులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.)

తప్పు ఆ మూడో కోర్సులో ఉంది. బిజినెస్, సోషల్ సైన్స్ విద్యార్థుల కోసమని కేటలాగ్‌లోనే రాసి ఉంటుంది. ఎకనామిక్స్ సోషల్ సైన్సే కదా అని తీసుకుంది. ఇంట్లోనూ ఎవరికీ అనుమానం రాలేదు. మన ఇళ్లలో ఎకనామిక్స్ అనగానే ఇంటర్ సీఈసీ, డిగ్రీ బీఏ గుర్తొస్తాయి. అంటే లెక్కలు వద్దనుకున్నవాళ్ల గ్రూపు. ‘లెక్కలు తప్పించుకుందామనే కదమ్మా నువ్వు ఎకనామిక్స్ తీసుకున్నది’ అని తండ్రి అడిగిన ప్రశ్నలో వెటకారం లేదు, ఆయన నిజంగానే అలా అనుకున్నారు. అమెరికాలో మంచి ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్ ఏదైనా సీఈసీ కన్నా ఎంఈసీకి దగ్గర. అందులోనూ ‘ఎం’ పాలు ఎక్కువ.

అసిస్ట్ పేజీలో ఏం కనపడింది

కాలిఫోర్నియాలో ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీ కోర్సుకు సమానమో చెప్పే అధికారిక సైటు అసిస్ట్. కాలేజీ పేరు, యూనివర్సిటీ పేరు, విద్యా సంవత్సరం, మేజర్ ఎంచుకుంటే ఒక ఒప్పంద పత్రం తెరుచుకుంటుంది. ఎడమ పక్క యూనివర్సిటీ అడిగే కోర్సు, మధ్యలో బాణం, కుడి పక్క మన కాలేజీ కోర్సు ఉంటాయి. కుడి పక్క రెండు కోర్సుల మధ్య ‘అండ్’ ఉంటే రెండూ చదివితేనే ఎడమవైపు ఒక్కటి పూర్తయినట్టు. ‘ఆర్’ ఉంటే ఏదో ఒకటి చాలు. ‘నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్’ అని ఉంటే దానికి మన కాలేజీలో జోడీ లేదు. వెళ్లాక అక్కడే చదవాలి. విద్యార్థులు ఎక్కువగా తప్పేది ఆ చిన్న ‘అండ్’ దగ్గరే.

ఈ అమ్మాయి ఐదు యూసీ క్యాంపస్‌లు అనుకుంది: డేవిస్, సాంటా బార్బరా, శాన్ డియేగో, యూసీఎల్ఏ, బర్క్‌లీ. ఐదు పత్రాలనూ పక్కపక్కన పెడితే ఎకనామిక్స్ కోర్సులు అన్నిచోట్లా దాదాపు ఒకటే. ప్రిన్సిపుల్స్ ఆఫ్ మైక్రో, ప్రిన్సిపుల్స్ ఆఫ్ మాక్రో, ఈ రెండే. బర్క్‌లీలో ఎకనామిక్స్ 1 ఒక్క కోర్సే అయినా అందులో మైక్రో, మాక్రో రెండూ ఉంటాయి కాబట్టి ఇక్కడ రెండూ చదివితేనే అక్కడ ఆ ఒక్కటి లెక్కకు వస్తుంది. తేడా అంతా లెక్కల్లో ఉంది. యూసీఎల్ఏ తన కాలిక్యులస్ కోర్సులు 31ఎ, 31బి అడుగుతుంది. డేవిస్ 16ఎ-16బి గానీ 21ఎ-21బి గానీ అంటుంది. శాన్ డియేగో కాలిక్యులస్‌లో మూడు క్వార్టర్ల వరుస కావాలంటుంది. ఒక్క క్వార్టర్ బిజినెస్ కాలిక్యులస్‌తో ఈ వరుసలేవీ పూర్తికావు.

అసలు దెబ్బ ఇంకొకటి ఉంది. బిజినెస్ కాలిక్యులస్, మామూలు కాలిక్యులస్ మొదటి కోర్సు రెండూ చదివితే యూసీ ఒక్కదానికే క్రెడిట్ ఇస్తుంది. పాఠ్యాంశాలు కలుస్తాయి కాబట్టి గరిష్ఠంగా ఒక కోర్సు అని పరిమితి పెట్టింది. కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ (గ్రేడ్ల పత్రం) మీద ఆ 5 యూనిట్లు ఉంటాయి, యూసీ లెక్కలో ఉండవు. గ్రాడ్యుయేషన్‌కు సరిపోయాయని కాలేజీ వెబ్ పోర్టల్ పచ్చరంగు చూపించే యూనిట్లు యూసీ ప్రవేశానికి చాలకపోవడం ఇలాగే జరుగుతుంది.

కోర్సు నంబర్ల గురించి కూడా ఒక మాట. డి ఆంజా కాలేజీలో చాలాకాలంగా ఎకనామిక్స్ 1 అంటే మాక్రో, 2 అంటే మైక్రో. సాంటా మోనికా కాలేజీలో 1 మైక్రో, 2 మాక్రో. వేసవిలో పక్క కాలేజీలో ఎకనామిక్స్ 2 తీసుకుంటే, చదివిందే మళ్లీ చదివినట్టు కావచ్చు. ఈ గందరగోళం పోవాలని రాష్ట్రమంతటికీ ఒకే నంబర్లు తెస్తున్నారు. 2025 ఫాల్ నుంచి ఇంగ్లీష్ సి1000, స్టాటిస్టిక్స్ సి1000 లాంటి కొన్ని అమల్లోకి వచ్చాయి. మిగతావి మారేదాకా నంబరును నమ్మొద్దు, కోర్సు పేరు చదవండి.

వెనక నుంచి ముందుకు వేసిన ప్లాన్

చాలామంది ‘ఈ క్వార్టర్‌లో ఏం తీసుకోవాలి’ అని మొదలుపెడతారు. ఎకనామిక్స్‌కు అలా కుదరదు. కాలిక్యులస్ కోర్సులు ఒకదాని తర్వాత ఒకటిగానే చదవాలి. ఒక్కటి తప్పితే తర్వాతది ఒక క్వార్టర్ వెనక్కి పోతుంది. ట్రాన్స్‌ఫర్‌కు ముందున్న స్ప్రింగ్ క్వార్టర్‌లోపు ఇవన్నీ అయిపోవాలి. వేసవిలో పూర్తి చేస్తానంటే పోటీ ఎక్కువ ఉన్న క్యాంపస్‌లు ఒప్పుకోవు. అందుకే ముందు కాలిక్యులస్ వరుసను రెండో ఏడాది వింటర్ నుంచి వెనక్కి వేసుకున్నాం. నాలుగో భాగం రెండో ఏడాది వింటర్‌లో, మూడోది ఫాల్‌లో, రెండోది మొదటి ఏడాది స్ప్రింగ్‌లో. అంటే మొదటి భాగం ఆ జనవరిలోనే మొదలవ్వాలి. క్లాసులు మొదలై మూడు రోజులైంది. వెయిట్‌లిస్ట్‌లో నాలుగో స్థానం. మొదటి వారం క్లాసుకు రానివాళ్లను టీచర్లు తీసేస్తారు కాబట్టి ప్రతి క్లాసుకూ వెళ్లి కూర్చోమన్నాం. రెండో వారం మొదట్లో సీటు వచ్చింది.

నాలుగో భాగం, అంటే ఒకటికి మించిన చలరాశుల కాలిక్యులస్, ఈ ఐదింటిలో చాలా క్యాంపస్‌లు ప్రవేశానికి అడగవు. అయినా ప్లాన్‌లో పెట్టాం. కారణం చివర్లో వస్తుంది.

బిజినెస్ ఎకనామిక్స్ సంగతి. యూసీఎల్ఏలో ఆ మేజర్‌కు గిరాకీ ఎక్కువ, ఈ అమ్మాయికీ ఆశ ఉంది. దానికి అకౌంటింగ్ కావాలి. క్వార్టర్ కాలేజీల్లో అకౌంటింగ్ సాధారణంగా మూడు కోర్సుల వరుస, ఒక్కోటి 5 యూనిట్లు. అంటే 15 యూనిట్లు ఒక్క క్యాంపస్‌లోని ఒక్క మేజర్ కోసం. జనవరిలో మొదలైన కాలిక్యులస్ పక్కన ఇది పెడితే రెండూ చెడతాయని వద్దన్నాం. ఫాల్‌లోనే సరిగ్గా మొదలుపెట్టి ఉంటే సలహా వేరేగా ఉండేది.

వింటర్‌లో కాలిక్యులస్ మొదటి భాగం 5, మైక్రో 4, క్రిటికల్ థింకింగ్ ఇంగ్లీష్ 5, కలిపి 14. యూసీ కనీస నియమం ఏడు కోర్సులు: ఇంగ్లీష్ రెండు, లెక్కలు ఒకటి, మిగతా నాలుగు ఆర్ట్స్-హ్యుమానిటీస్, సోషల్ సైన్స్, సైన్స్‌లలో కనీసం రెండు విభాగాల నుంచి. దానితోపాటు బదిలీకి పనికొచ్చే 90 క్వార్టర్ యూనిట్లు (సెమిస్టర్ లెక్కన 60), రాష్ట్ర నివాసులకు కనీసం 2.4 జీపీఏ. ఆ 2.4 కాగితం మీది అంకె మాత్రమే. ఎకనామిక్స్‌కు దాన్ని నమ్ముకుని దరఖాస్తు పెట్టొద్దు.

స్ప్రింగ్‌లో ఏం జరిగింది

మొదటి భాగంలో బి వచ్చింది. రెండో భాగం మొదటి మిడ్‌టర్మ్‌లో 100కు 58.

ఎందుకు పడిపోయిందో ఆన్సర్ పేపర్ చెప్పింది. ఇంటిగ్రేషన్ పద్ధతి తెలుసు, సబ్‌స్టిట్యూషన్ ఎక్కడ చేయాలో తెలుసు. సైన్, కొసైన్ సూత్రాల దగ్గర, భిన్నాలు విడగొట్టేచోట మార్కులు పోయాయి. హైస్కూల్లో ప్రీ-కాలిక్యులస్ చదివిన ఏడాదికి బిజినెస్ కాలిక్యులస్ తీసుకుంది, అందులో త్రికోణమితి దాదాపు ఉండదు. మధ్యలో ఆ పాఠం తుప్పుపట్టింది. బిజినెస్ కాలిక్యులస్ వల్ల పోయింది 5 యూనిట్లే అనుకున్నాం, ఇది దాని రెండో బిల్లు.

ఆ క్లాసులో హోంవర్క్‌కు 20 శాతం, రెండు మిడ్‌టర్మ్‌లకు చెరో 20, ఫైనల్‌కు 40. 58 మార్కులంటే 20లో 11.6. మొత్తం 80 దాటాలంటే మిగిలిన 80లో 68.4 రావాలి, అంటే 85.5 శాతం. కష్టమే, అసాధ్యం కాదు. కానీ అదే క్వార్టర్‌లో పబ్లిక్ స్పీకింగ్ 5 యూనిట్లు, ల్యాబ్ ఉన్న బయాలజీ 5 యూనిట్లు కూడా ఉన్నాయి. ల్యాబ్ రోజు మూడు గంటలు పోతాయి, పైగా వారం వారం రిపోర్టు.

ఇలాంటప్పుడు విద్యార్థులు దేంట్లో మార్కులు తక్కువుంటే దాన్నే డ్రాప్ చేస్తారు. ఇక్కడ అది తప్పు. కాలిక్యులస్ రెండో భాగం వదిలితే మూడోది ఫాల్‌లో రాదు, నాలుగోది గడువు అంచుకు, అంటే స్ప్రింగ్‌కు, జరుగుతుంది. బయాలజీ ఏ క్వార్టర్‌లో తీసుకున్నా ఒకటే. బయాలజీలో ఆమెకు ఏ వస్తోంది, అయినా దాన్నే డ్రాప్ చేయించాం. ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఒక డబ్ల్యూ, అంటే కోర్సు మధ్యలో వదిలేసిన గుర్తు, పడింది. డబ్ల్యూ జీపీఏలోకి రాదు. ఒక్కటుంటే ఎవరూ పట్టించుకోరు, నాలుగైదు వరుసగా ఉంటేనే ప్రశ్న వస్తుంది. ఆ క్వార్టర్‌లో మిగిలింది 10 యూనిట్లు.

ఈ సలహా హెచ్-4 కాబట్టి ఇవ్వగలిగాం. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా, మీద ఉన్న విద్యార్థికి 12 యూనిట్ల కిందికి దిగడం హోదాకే ముప్పు. గుంటూరు నుంచో వరంగల్ నుంచో నేరుగా ఎఫ్-1 మీద కమ్యూనిటీ కాలేజీకి వచ్చే పిల్లలు మొదటి నుంచే 15 తీసుకుంటే, ఒక చిన్న కోర్సు వదిలినా 12 కింద పడకుండా చూసుకోవచ్చు. అందులో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే పూర్తి స్థాయి లెక్కకు వస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి.

మిగిలిన ఆరు వారాలు రోజుకు పది త్రికోణమితి లెక్కలు, వారానికి మూడుసార్లు కాలేజీ ట్యూటరింగ్ సెంటర్. ట్యూటర్ దగ్గరకు ఖాళీ చేతులతో కాకుండా, చేసి ఆగిపోయిన లెక్కతో వెళ్లమన్నాం. చివరికి బి మైనస్.

సెప్టెంబరు లెక్కలు

వేసవిలో స్టాటిస్టిక్స్ పక్క ఊళ్లోని సెమిస్టర్ కాలేజీలో తీసుకుంది, 4 సెమిస్టర్ యూనిట్లు. 1.5తో గుణిస్తే 6 క్వార్టర్ యూనిట్లు. సొంత కాలేజీలో హిస్టరీ 4. రెండింటిలోనూ ఏ. సెప్టెంబరు నాటికి లెక్క ఇది: మొత్తం 48 యూనిట్లు, 177 గ్రేడ్ పాయింట్లు, జీపీఏ 3.69. రెండో భాగంలో బి మైనస్‌కు బదులు సీ వచ్చినా అది 3.61 దగ్గర ఆగేది. పెద్ద తేడా కాదు, దీన్ని చూసే చాలామంది మోసపోతారు. మేజర్‌కు అవసరమైన కోర్సులను మాత్రమే విడిగా తీయండి. మాక్రో ఏ, మైక్రో ఏ, కాలిక్యులస్ బి, బి మైనస్. 18 యూనిట్లకు 60.5 పాయింట్లు, అంటే 3.36. స్టాటిస్టిక్స్ కలిపితే 3.52. దరఖాస్తు చదివేవాళ్లు మొత్తం జీపీఏతో పాటు ఈ రెండో అంకెనూ చూస్తారు. పబ్లిక్ స్పీకింగ్‌లో వచ్చిన ఏ దీన్ని పైకి లేపదు.

యూనిట్ల లెక్క ఇంకా సన్నగా ఉంది. మిగిలిన మూడు క్వార్టర్లకు వేసుకున్నవి కలిపితే ట్రాన్స్‌క్రిప్ట్ మీద 89. బిజినెస్ కాలిక్యులస్ 5 తీసేస్తే యూసీ లెక్కన 84. 90కి ఆరు తక్కువ. హైస్కూల్లో రాసిన రెండు ఏపీ పరీక్షలు (ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఆదుకున్నాయి. సైకాలజీ, హ్యూమన్ జాగ్రఫీలలో 3కు పైన స్కోరు ఉంది. యూసీ ఒక్కోదానికి 4 క్వార్టర్ యూనిట్లు ఇస్తుంది. 92 అయింది. రెండు యూనిట్ల అంచు మీద నిలబడటం దేనికని ఫాల్‌లో ఇంకో 4 యూనిట్ల సోషల్ సైన్స్ కోర్సు చేర్చాం. ఫాల్ 17కు చేరింది, చివరి మొత్తం 96.

మరీ ఎక్కువైనా ఏమవుతుందని కొందరు భయపడతారు. కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీ 105 క్వార్టర్ యూనిట్ల వరకే లెక్కిస్తుంది. దాటినవాటికి యూనిట్లు రావు కానీ కోర్సు చదివినట్టు గుర్తింపు ఉంటుంది. అంటే నష్టమేమీ లేదు.

సెప్టెంబరు 1 నుంచి 30 వరకు ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ దరఖాస్తు. వాడుకలో ట్యాగ్ అంటారు. ఆరు క్యాంపస్‌లే ఇస్తాయి: డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, సాంటా బార్బరా, సాంటా క్రూజ్. ఒక్కచోటే పెట్టాలి. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియేగోలలో ఇది లేదు. అడిగే జీపీఏ, కోర్సులు క్యాంపస్‌ను బట్టి, మేజర్‌ను బట్టి, ఏడాదిని బట్టి మారతాయి కాబట్టి పాత సీనియర్ చెప్పింది కాకుండా ఆ ఏడాది పత్రమే చదవాలి. ఈ అమ్మాయి డేవిస్‌కు పెట్టింది. ట్యాగ్ వస్తే సరిపోదు. ఆ తర్వాత మామూలు యూసీ దరఖాస్తు కూడా గడువులోపు పంపాలి. ట్యాగ్ వచ్చింది కదా అని అసలు దరఖాస్తు మర్చిపోయేవాళ్లు ఏటా ఉంటారు, వినడానికి నమ్మబుద్ధి కాదు.

దరఖాస్తులో జారే చోట్లు

దరఖాస్తు సమర్పణ అక్టోబరు 1 నుంచి నవంబరు 30 వరకు. ఒక్కో క్యాంపస్‌కు విడిగా ఫీజు కట్టాలి. ట్రాన్స్‌క్రిప్ట్‌లు అప్పుడు అడగరు, గ్రేడ్లు మనమే నమోదు చేయాలి. వేసవిలో చదివిన పక్క కాలేజీని విడిగా చేర్చాలి. స్టాటిస్టిక్స్‌ను ఆమె మొదట 6 యూనిట్లని రాసింది. ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉన్నట్టే 4 సెమిస్టర్ యూనిట్లని రాయాలి. 1.5తో గుణించేది యూసీ, మనం కాదు. డబ్ల్యూ కూడా రాయాలి. దాచితే జులైలో అసలు ట్రాన్స్‌క్రిప్ట్ వెళ్లినప్పుడు బయటపడుతుంది, అప్పుడు ప్రవేశమే రద్దు చేయొచ్చు.

వ్యాసాలు నాలుగు, ఒక్కోటి 350 పదాలకు మించకూడదు. ట్రాన్స్‌ఫర్ వాళ్లకు ఒకటి తప్పనిసరి: ఎంచుకున్న మేజర్‌కు ఎలా సిద్ధమయ్యారో చెప్పాలి. మొదటి డ్రాఫ్ట్‌లో దేశ ఆర్థిక వ్యవస్థల మీద చిన్నప్పటి నుంచీ ఆసక్తి అని ఉంది. కొట్టేశాం. రెండో డ్రాఫ్ట్‌లో వేసవి స్టాటిస్టిక్స్ ప్రాజెక్ట్ వచ్చింది. సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ నడిపే ఫ్రెడ్ అనే డేటా సైటు నుంచి కాలిఫోర్నియా నిరుద్యోగ రేటు దించుకుంది. సీజనల్ సర్దుబాటు చేసిన వరుస, చేయని వరుస పక్కపక్కన గీసింది. సర్దుబాటు లేనిది ఏడాదిలో ఎప్పుడు ఎందుకు ఎగుడుదిగుడవుతుందో రాసింది. బిజినెస్ కాలిక్యులస్ పొరపాటు, 58 మార్కులు, ఆ తర్వాత చేసిన సాధన కూడా ఇందులోనే మూడు వాక్యాల్లో పెట్టించాం. సాకు చెప్పినట్టు ఉండకూడదు, జరిగింది జరిగినట్టు ఉండాలి.

ఫాల్ గ్రేడ్లు వచ్చాక జనవరి 31లోపు ట్రాన్స్‌ఫర్ అకడమిక్ అప్‌డేట్ నింపాలి. మూడో భాగంలో ఏ మైనస్ వచ్చింది, అది వ్యాసంలో రాసినదానికి సాక్ష్యమైంది. స్ప్రింగ్‌కు అనుకున్న ఒక కోర్సు మార్చుకుంటే అదీ తెలియజేయాలి. చెప్పకుండా మార్చడం ప్రవేశ షరతుల ఉల్లంఘన కిందికి వస్తుంది.

ఏప్రిల్‌లో ఫలితాలు. డేవిస్ ట్యాగ్ ప్రకారం వచ్చింది. సాంటా బార్బరా, శాన్ డియేగో కూడా వచ్చాయి. యూసీఎల్ఏ, బర్క్‌లీ రాలేదు. ఎందుకు రాలేదో యూనివర్సిటీ చెప్పదు. మా అంచనా, మేజర్ కోర్సుల జీపీఏ. కాలిక్యులస్ ఫాల్‌లో, త్రికోణమితి గుర్తున్నప్పుడే మొదలై ఉంటే ఆ రెండు గ్రేడ్లు వేరేగా ఉండేవేమో. డేవిస్‌కే వెళ్తానని జూన్ 1లోపు చెప్పింది. అక్కడా క్వార్టర్ పద్ధతే, ఆ వేగం ఆమెకు అలవాటే.

డబ్బు, వీసా

సొంత కాలేజీలో పూర్తి చేసినవి 87 యూనిట్లు, డ్రాప్ చేసిన బయాలజీ 5 (రీఫండ్ గడువు దాటింది), కలిపి 92. యూనిట్‌కు 31 డాలర్ల చొప్పున 2,852. సెమిస్టర్ కాలేజీలో 4 యూనిట్లు, 46 చొప్పున 184. రెండేళ్ల ఎన్‌రోల్‌మెంట్ ఫీజు మొత్తం 3,036 డాలర్లు. పార్కింగ్, పుస్తకాలు వేరు. ఎకనామిక్స్ ప్రిన్సిపుల్స్‌కు ఓపెన్‌స్టాక్స్ ఉచిత పుస్తకం పెట్టే టీచర్లు చాలామంది ఉన్నారు. షెడ్యూల్‌లో జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్ గుర్తు చూసి సెక్షన్ ఎంచుకోవచ్చు.

ఈ రేటు రాష్ట్ర నివాసులకు. తల్లిదండ్రులు కాలిఫోర్నియాలో ఏడాదికి పైగా ఉంటే హెచ్-4 పిల్లలు నివాస అర్హత పొందొచ్చు, ఎఫ్-1 వాళ్లకు ఆ వీలు లేదు. చిక్కు 21 ఏళ్లకు వస్తుంది. గ్రీన్‌కార్డ్ క్యూలో ఇరుక్కున్న కుటుంబాల్లో పిల్లలకు 21 నిండగానే హెచ్-4 పోతుంది, చాలామంది ఎఫ్-1కు మారతారు. యూసీలో నివాసి కానివారి అదనపు ట్యూషన్ 2025-26లో కొత్తగా చేరినవారికి ఏడాదికి 37 వేల డాలర్లకు పైనే. ఈ అమ్మాయికి 21 నిండేది డేవిస్‌లో మొదటి ఏడాదిలోనే. అందుకే ఆఫర్ ఒప్పుకోకముందే క్యాంపస్ రెసిడెన్స్ డిప్యూటీకి రాతపూర్వకంగా ప్రశ్న పంపించాం, ఇమిగ్రేషన్ లాయర్‌ను వేరుగా కలవమన్నాం. హోదా మార్పు కాగితాలు పుట్టినరోజుకు కొన్ని నెలల ముందే సిద్ధం కావాలి. ఇలాంటివాళ్లు మేజర్ ఎంచుకునేటప్పుడు డిగ్రీకి యూనివర్సిటీ పెట్టిన కోడ్ కూడా చూడాలి. 45.0603, అంటే ఎకనామెట్రిక్స్-క్వాంటిటేటివ్ ఎకనామిక్స్, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంది. మామూలు ఎకనామిక్స్ 45.0601 లేదు. చదువయ్యాక ఓపీటీ, అంటే ఎఫ్-1 వాళ్లకు ఇచ్చే పని అనుమతి, 12 నెలలా, దానిపై ఇంకో 24 నెలలా అన్నది ఆ ఆఖరి అంకె మీద ఆధారపడుతుంది.

నాలుగో భాగం ఎందుకంటే

ట్రాన్స్‌ఫర్ విద్యార్థికి మొదటి క్వార్టర్‌లో ఎదురయ్యేది ఇంటర్మీడియట్ మైక్రో. విషయం కొత్తది కాదు, భాష కొత్తది. ఒక లెక్క చూడండి. చేతిలో 40 డాలర్లు. ఒక వస్తువు ధర 4, ఇంకోదాని ధర 2. తృప్తి రెండు వస్తువుల సంఖ్యల గుణకారం అనుకుందాం. కమ్యూనిటీ కాలేజీ మైక్రోలో దీన్ని డాలర్‌కు దొరికే అదనపు తృప్తి రెండు వైపులా సమానం కావాలని నేర్పుతారు. మొదటిది 5, రెండోది 10 కొంటే ఖర్చు 20, 20. మొదటిదాని అదనపు తృప్తి 10, ధర 4, అంటే డాలర్‌కు 2.5. రెండోదానికి 5, ధర 2, అదీ 2.5. సరిపోయింది.

ఇంటర్మీడియట్ మైక్రోలో ఇదే లెక్కను అంకెలు లేకుండా ఇస్తారు. ధరలు, ఆదాయం అక్షరాలుగా ఉంటాయి. పాక్షిక అవకలనాలు తీసి, లాగ్రాంజ్ పద్ధతిలో కట్టి, డిమాండ్ సూత్రం రాబట్టమంటారు. లాగ్రాంజ్ గుణకం విలువ పై లెక్కలో వచ్చిన ఆ 2.5యే, చేతికి ఇంకో డాలరు వస్తే ఎంత తృప్తి పెరుగుతుందో చెప్పేది. కాలిక్యులస్ రెండు భాగాలతో ఆగినవాళ్లు పాక్షిక అవకలనం, లాగ్రాంజ్, సిద్ధాంతం మూడూ ఒకే వారంలో మొదటిసారి చూస్తారు. నాలుగో భాగం చదివినవాళ్లకు అందులో కొత్తది సిద్ధాంతం ఒక్కటే.

జులై 1లోపు రెండు కాలేజీల నుంచీ అధికారిక ట్రాన్స్‌క్రిప్ట్‌లు, కాలేజీ బోర్డ్ నుంచి ఏపీ స్కోర్లు పంపించింది. ఏపీ స్కోర్లు హైస్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉన్నా చెల్లవు, అవి లేకపోతే ఈమె యూనిట్లు 88 దగ్గరే ఆగిపోయేవి. ఓరియంటేషన్‌కు ప్రతి లెక్కల కోర్సు సిలబస్‌ను పీడీఎఫ్‌గా వెంట తీసుకెళ్లమన్నాం. ట్రాన్స్‌క్రిప్ట్ ఇంకా సిస్టంలోకి ఎక్కకపోతే ఇంటర్మీడియట్ మైక్రో సీటు ప్రిరిక్విజిట్ (ముందే చదివి ఉండాల్సిన కోర్సు) లేదని ఆగిపోతుంది, అప్పుడు అడ్వైజర్‌కు చూపించడానికి అవే పనికొస్తాయి. మొదటి క్వార్టర్‌కు మూడు కోర్సులే: ఇంటర్మీడియట్ మైక్రో, ఎకనామిక్స్ డేటా విశ్లేషణ, ఒక జనరల్ ఎడ్యుకేషన్. ఇంటర్మీడియట్ మాక్రోను వింటర్‌కు జరిపాం. పది వారాల క్వార్టర్‌లో మొదటి మిడ్‌టర్మ్ నాలుగో వారానికే వచ్చేస్తుంది.